దండి విరిగిన వీణ

కృష్ణా డెల్టాలోని పాత ఇండ్లలో, అది బెజవాడ కావచ్చు, బందరు కావచ్చు, గుడివాడ కావచ్చు, ఏ మూలగదిలోనో బీరువా ప్రక్కన నిలబెట్టిన వీణ ఒకటి కనిపించడం అరుదు కాదు. దానికి పాత పట్టుచీరెతో కుట్టిన గలేబు ఒకటి తొడిగి ఉంటుంది. గలేబు తీసి చూస్తే దండి కుండతో కలిసేచోట వెంట్రుకవాసి పగులు ఉంటుంది; లేదా యాళి ముఖం విరిగి, బిరడలతో సహా తీగెలకు వ్రేలాడుతూ ఉంటుంది. ఎవరిదని అడిగితే అమ్మమ్మగారిదో మేనత్తగారిదో అని చెప్తారు. బాగుచేయించలేదేమని అడిగితే, ‘విరిగిన వీణ మళ్ళీ పలుకుతుందా అండీ’ అని మనలనే ఎదురు ప్రశ్న వేస్తారు. నేటి ప్రసంగానికి ఆ ప్రశ్నయే మూలం.

ఆ ప్రశ్నకు సమాధానం దండి చరిత్రలో ఉన్నది. వీణకు దండి ఎట్లా వచ్చినది, దాని మీద ఏ భారం పడినది, ఆ భారాన్ని మన పనివారు ఏ విధంగా మోయించినారు అన్నది తెలిస్తే, అది ఎక్కడ విరుగుతుందో, ఎందుకు విరుగుతుందో, ఎప్పుడు అతుకుతుందో దాదాపుగా తెలిసినట్లే.

మొదట వీణకు దండి లేదు. ఈ మాట వింటే కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. సాక్ష్యం మనకు దూరాన లేదు. విజయవాడకు ఎగువన కృష్ణ కుడి ఒడ్డున అమరావతి స్తూపం ఉండేది. 1797లో కాలిన్ మెకంజీ కంటబడిన తరువాత దాని శిల్పఫలకాలు చాలాభాగం చెన్నపట్టణం మ్యూజియానికీ, లండన్ బ్రిటిష్ మ్యూజియానికీ చేరినవి. సుమారు 2వ శతాబ్దం నాటి ఆ సున్నపురాతి ఫలకాలలో వాద్యగోష్ఠులు అనేకం ఉన్నవి. వాటిలో స్త్రీలు ఒడిలో ఉంచుకొని వాయించే ముఖ్యవాద్యం విల్లువలె వంగిన ఒక కొమ్మ, దాని అడుగున తోలు కప్పిన దొన్నె, ఆ రెంటి నడుమ వరుసగా కట్టిన తీగెలు. మెట్లు లేవు. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క తీగె. ఆనాడు వీణ అంటే అదే. సముద్రగుప్తుని బంగారు నాణెం మీద చక్రవర్తి తొడమీద ఉన్నదీ అదే. 1930లో ఆనంద కుమారస్వామి పండితుడు ప్రాచీన గ్రంథాలలోని వీణాంగముల పేర్లను ఈ శిల్పాలతో సరిపోల్చి, ఆ పేర్లు ఇటువంటి వంపు వీణకే అతుకుతవని చూపించినాడు.

అయితే అమరావతిలోనూ, దానికి ఇంకా ఎగువనున్న నాగార్జునకొండలోనూ ఈ వంపు వీణతోపాటు మరొక వాద్యం కూడా కనబడుతుంది. దానికి బేరిపండు వంటి పొట్ట, దానినుంచి సాగిన పొట్టి మెడ. ఇప్పటి యువకులెవరైనా చూస్తే గిటారు అంటారు. గిటారు మన శిల్పాలలోనే పుట్టినదని వాదించేవారు ఉన్నారు కాని, అంత దూరం వెళ్ళవలసిన పని లేదు. మెడగల తంత్రీవాద్యం ఈ నది ఒడ్డున పద్దెనిమిది వందల ఏండ్ల క్రిందటనే తెలుసు, అంతవరకు నిశ్చయం.

ఆ తరువాత వచ్చినది కఱ్ఱ వీణ. వెదురు బొంగో, కొయ్యదండమో ఒకటి, దాని క్రింద రెండో మూడో సొరకాయ బుఱ్ఱలు, పైన మైనంతో నిలబెట్టిన మెట్లు. తెలుగువారి కిన్నెర ఈ జాతిదే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వీణాభేదాల పేర్లు ఏకరువు పెట్టినాడు. కిన్నెర వాటిలో ఒకటి. తెలంగాణలో డక్కలివారి చేతిలో అది నేటికీ బ్రతికి ఉన్నది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు గాని పట్టణవాసులు చాలామంది దాని పేరైనా వినలేదు. కిన్నెర దండి విరిగితే చరిత్ర లేదు, చింత లేదు. మరొక బొంగు తెచ్చి, పాత బుఱ్ఱలు విప్పి దానికి కట్టుకొంటారు. అక్కడ దండి చొక్కావంటిది, మార్చుకొనవచ్చు.

వీణకు ఆ సుఖం పోయినది. అది పోయినది ఎప్పుడంటే మెట్లు కదలకుండా నిలిచిననాడు. 1550లో, అళియ రామరాయల కాలంలో, రామామాత్యుడు స్వరమేళకళానిధి రచించి వీణ మీద ఏ మెట్టు ఏ స్వరానికి ఎక్కడ నిలువవలెనో శాస్త్రం చెప్పినాడు. తరువాత తంజావూరులో రఘునాథ నాయకుని కాలంలో, అనగా 17వ శతాబ్దపు మొదటి భాగంలో, ఆ తెలుగు ప్రభువు ఆస్థానంలో వీణకు 24 మెట్ల స్థిరరూపం ఏర్పడినదని సంప్రదాయం. దానికి కర్త మంత్రి గోవింద దీక్షితుడని చెప్తారు. ఒక్కొక్క స్థాయికి 12 మెట్లు, రెండు స్థాయిలకు 24. ఏ రాగం వాయించినా మెట్టు జరుపనక్కరలేదు. సంగీతానికి అది గొప్ప సౌకర్యం. దండికి మాత్రం గొప్ప శిక్ష. మెట్టు జరుపుకొనే వీణలో దండి కొంచెం వంగినా వైణికుడు మెట్టును ఇటూ అటూ నెట్టి సవరించుకొనేవాడు. మెట్లు స్థిరమైన తరువాత దండి వంగరాదు, మెలిపడరాదు, కుంగరాదు. ఇరవై నాలుగు మెట్ల మేళం అంతా ఆ ఒక్క కొయ్య నిలకడ మీద ఆధారపడినది.

భారం ఎంత అన్నది కొంచెం లెక్క వేసి చూస్తే మంచిది. సారణి తీగె ఉక్కుది, లావు 0.3 మిల్లీమీటరు, మేరువునుంచి గుఱ్ఱం దాకా పొడవు సుమారు 84 సెంటీమీటర్లు అనుకొందాం. మామూలు శ్రుతిలో బిగిస్తే అది దాదాపు 4 కిలోల బరువు వ్రేలాడదీసినంత బలంతో లాగుతుంది. పంచమం, మంద్రం, అనుమంద్రం, ప్రక్కనున్న మూడు తాళపు తీగెలు కూడా కలుపుకొంటే మొత్తం 20, 30 కిలోల మధ్య ఉంటుంది. గిటారు ఉక్కు తీగెలు ఆరింటి లాగుడు సుమారు 70 కిలోలు. ఆ లెక్కన వీణది తక్కువే. కాని గిటారు మెడ గట్టికొయ్య. వీణ దండి దోనెవలె లోపల తొలిచిన బోలు. పైన పలక మూత. పొడవు చూస్తే గిటారు మెడకంటే ఎక్కువ.  మనవారు వీణ తీగెలు వదులు చేయడం అపశకునమన్నట్లు ఏళ్ళ తరబడి బిగించే ఉంచుతారు.

ఈ భారాన్ని మోయించడానికి మన పనివారు రెండు మార్గాలు పట్టినారు. ఒకటి ఏకాండి వీణ. పనస మ్రాను ఒకే దుంగలో కుండ, దండి కలిపి తొలుస్తారు. కొందరు యాళి మెడ దాకా కూడా అతుకు లేకుండా తీసుకొని వస్తారు. బొబ్బిలి వీణకు ఆ కీర్తి వచ్చినది ఈ పనితనం వల్లనే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి గ్రామంలో సర్వసిద్ధి వంశపు శిల్పులు తరతరాలుగా ఆ పని చేస్తున్నారు. రెండవది అతుకు వీణ. కుండ వేరు, దండి వేరు, యాళి వేరు. దండి కొనను నాలుకవలె చెక్కి కుండ మెడలో దిగగొట్టి జిగురుతో అతికిస్తారు. మనకు దగ్గరలో నూజివీడున్నది. 2022 దాకా కృష్ణా జిల్లాలోనిదే. తరువాత ఏలూరు జిల్లాలో చేరినది. మామిడి పండ్లకు ఎంత పేరున్నదో ఆ ఊరి వీణకు కూడా అంత పేరు ఉండవలసినది. డెల్టా ఇండ్లలో వీణలున్నచోట ఆ ఊరి పనితనం తరచు కనిపిస్తుంది.

ఏకాండి గొప్పదనీ, అతుకు వీణ తక్కువదనీ లోకంలో ఒక అభిప్రాయం ఉన్నది. నాదం విషయంలో అది నిజం కావచ్చు. అతుకులేని కొయ్యలో కంపనం ధారాళంగా సాగుతుంది. విరుగుడు విషయంలో మాత్రం లెక్క తారుమారవుతుంది. అతుకు వీణ క్రిందపడితే ముందు జిగురు లొంగిపోతుంది, కొయ్య మిగులుతుంది. ఏకాండికి లొంగడానికి జిగురు లేదు, కొయ్యయే చీలుతుంది. ఊడిన అతుకు వారం రోజుల పని. చీలిన ఏకాండి దండి పనివాని జీవితకాలపు నేర్పుకు పరీక్ష. అందుచేత, చిన్నపిల్లలున్న ఇంటికి ఏ వీణ కొనవలెనని నన్నడిగితే అతుకు వీణయే కొనుమని చెప్తాను.

ఇక విరిగిన దండిని చూడడం ఎట్లా అన్నది అసలు విషయం. మరమ్మతు చేసేవారికంటే ముందు ఇంటివారు చేయవలసిన పని ఇది. వీణ పడిన క్షణంలో మొదట తీగెలు వదులు చేయాలి. విరిగినది గదా, తరువాత చూద్దామని వదిలివేస్తే, లాగుడు రాత్రింబవళ్ళు ఆ పగులును వెడల్పు చేస్తూనే ఉంటుంది. రెండవది, రాలిన పేళ్ళు, చిల్లపెంకు వంటి చిన్న ముక్కలు కూడా, ఏరి కాగితంలో పొట్లం కట్టి ఉంచాలి. పనివానికి అవి బంగారం. ఏ ముక్క ఎక్కడిదో దాని నారయే చెప్తుంది. మూడవది, ఇంట్లో ఉన్న జిగురుతో ఆ పూటకు అతికించి చూద్దామన్న ఉత్సాహాన్ని అణచుకోవాలి. స్వచ్ఛంగా విరిగిన కొయ్య తిరిగి తన జతను తానే వెదకికొంటుంది. జిగురు పూసి ఆరిన కొయ్య వెదకికొనలేదు. దాన్ని గీకవలసి వస్తుంది. గీకితే కొలత పోతుంది.

విరుగుడు ఏ జాతిదన్నది తరువాత చూడాలి. నార వెంబడి చీలినది వేరు, నారకు అడ్డంగా తెగినది వేరు. నార వెంబడి చీలిక పొడుగ్గా, వాలుగా సాగుతుంది. అతుక్కొనే ముఖం ఎక్కువ. చూడడానికి భయంకరంగా ఉన్నా సాధ్యమైన రోగం. అడ్డంగా తెగినది చూడడానికి చిన్నగా ఉంటుంది, కాని జిగురుకు పట్టు దొరకదు. ఈ రెండవది ఎక్కువగా యాళి మెడ దగ్గర వస్తుంది. అక్కడ కొయ్య క్రిందికి వంపు తిరుగుతుంది. నార మాత్రం వంపు తిరగదు, తిన్నగానే పోతుంది. దానికి తోడు బిరడల కొరకు రెండు ప్రక్కలా బెజ్జాలు. ఈ దోషం మన వీణకు మాత్రమే కాదు. వెనుకకు వాలిన శిరస్సుగల గిటార్లు సరిగ్గా అక్కడనే, మెడ శిరస్సుతో కలిసేచోటనే విరుగుతవి. కారణం కూడా అదే. మెడ వంగకుండా అమెరికాలో గిబ్సన్ కంపెనీ 1920లలో లోపల ఇనుపకడ్డీ పెట్టి బిగించే ఉపాయం కనిపెట్టినది. వంపును అది అదుపు చేసినది గాని, శిరస్సు విరగడాన్ని ఆపలేదు.

వీణలో మూడవ జాతి దోషం ఒకటి ఉన్నది. అది కంటికి కనబడదు. అన్నిటికంటె ఎక్కువ నష్టం చేసేది అదే. దండి విరగదు, పగలదు. తీగెల లాగుడుకు ఏళ్ళ తరబడి మెల్లగా ముందుకు వంగుతుంది. తీగెకూ మెట్టుకూ నడుమ ఎడం పెరుగుతుంది. వ్రేలితో ఎక్కువ నొక్కవలసి రావడంతో స్వరం హెచ్చుగా పలుకుతుంది. ఇంటివారు ఏమనుకొంటారు? మేళం చెడినది అనుకొంటారు. మేళం కట్టేవారిని పిలిపిస్తారు. ఆయన పాత మైనం తీసి, బొగ్గుపొడి కలిపిన క్రొత్త మైనంతో ఇరవై నాలుగు మెట్లూ మళ్ళీ నిలబెట్టి వెళతాడు. ఆరు మాసాలు బాగుంటుంది, మళ్ళీ మొదటికే వస్తుంది. రెండోసారి, మూడోసారి మేళం కట్టిస్తారు. చివరకు వీణ పాతబడిపోయినదని మూలకు చేరుస్తారు. రోగం మెట్లలో లేదు, వాటిని మోసే దండిలో ఉన్నదని ఎవరికీ తోచదు.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు; బారెడు కుట్టుదారం చాలు. మేరువునుంచి గుఱ్ఱం దాకా దారాన్ని బిగించి పట్టి, దండి పైపలకకూ దారానికీ నడుమ ఎడం ఎట్లా మారుతున్నదో చూడాలి. క్రమంగా పెరుగుతూ పోతే దండి తిన్నగా ఉన్నట్లు. నడుమ పొట్టవలె ఎక్కువైతే వంగినట్లు. అటుపైన తీగెలన్నీ వదులు చేసి, ఒక రాత్రి ఉంచి, తెల్లవారి మళ్ళీ దారం పట్టి చూడాలి. ఎడం తగ్గితే కొయ్యకు ఇంకా బిగువున్నది; ఎక్కడో అతుకు వదులై తీగె లాగినప్పుడల్లా నోరు తెరుస్తున్నదన్నమాట. అది బాగుచేయదగినది. ఎడం మారకపోతే కొయ్య ఆ వంపునే నేర్చుకొన్నది. అప్పుడు పైపలక విప్పి దండిని సవరించడమో, దండినే మార్చడమో తప్ప వేరు మార్గం లేదు. మూడవ పరీక్ష వ్రేలిమెటికలతో దండి పొడుగునా తట్టడం. మంచిచోట కొయ్య నిండుగా మ్రోగుతుంది; పగులున్నచోట కుండ పెంకువలె చప్పబడుతుంది.

ఈ తట్టి చూడడం, దారం పట్టడం చూస్తే నాకు పుత్తూరు కట్టు జ్ఞాపకం వస్తుంది. అది కూడా చేతివ్రేళ్ళతో తడిమి ఎముక పరిస్థితిని గ్రహించే విద్య. పోలిక నా కల్పన కాదు. మన పెద్దలు వీణను రెండు విధాలన్నారు: కొయ్యతో చేసినది దారవీ వీణ, మానవశరీరం గాత్రవీణ. వీణాదండం వెన్నెముక అన్నారు. 24 మెట్లు వెన్నుపూసలన్నారు. మెడ మొదలుకొని నడుము దాకా వెన్నుపూసలు లెక్కపెడితే నిజంగా ఇరవై నాలుగే. రావణుడు తన తల ఒకటి కుండగా, చేయి దండిగా, నరాలు తీగెలుగా వీణ చేసి శివుని మెప్పించినాడన్న కథ కూడా ఈ భావం నుంచి పుట్టినదే అయి ఉంటుంది.

అతికించడం దగ్గరికి వస్తే, అందులో సగం చరిత్ర జిగురుది. పూర్వం మన వడ్రంగులు వాడినది సరేసు. పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసినది. వేడిగా పూయాలి, చల్లబడకముందే కలపాలి. ఆరితే రాయి. దానికున్న మహాగుణం, వేడి నీటి ఆవిరి పట్టిస్తే మళ్ళీ విడివడుతుంది. అందుచేత వంద సంవత్సరాల క్రిందటి అతుకును కూడా కొయ్యకు హాని లేకుండా విప్పవచ్చు. దానికున్న మహాదోషం కూడా అదే, ముఖ్యంగా మన డెల్టాలో. రోహిణి కార్తెలో విజయవాడ ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నవి. కొయ్య ఎండి ముడుచుకొంటుంది. నెల తిరగకముందే వానలు, చుట్టూ నీరు నిలిచిన వరిచేలు. అదే కొయ్య తేమ త్రాగి ఉబ్బుతుంది. ఈ రెండింటి నడుమ అతుకు ఊపిరి పీల్చి వదిలినట్లు కదులుతుంది. తేమకు సరేసు మెత్తబడుతుంది. పాత అతుకు వీణల మెడలు మన ప్రాంతంలో శ్రావణ భాద్రపదాలలో నోరు తెరవడం వింత కాదు.

తరువాత తెల్ల జిగురు వచ్చినది. ఇప్పుడు ప్రతి వడ్రంగి చేతిలోనూ అదే. తలుపుకూ బల్లకూ అది మేలైనదే. కాని ఎడతెగని లాగుడు క్రింద అది రబ్బరువలె కొంచెం కొంచెంగా జారుతుంది. కుర్చీ కాలికి ఆ జారుడు తెలియదు. వీణకు వెంట్రుకవాసి జారితే స్వరం మారుతుంది. రెండు రసాలు కలిపి పూసే ఎపాక్సీ జారదు, ఖాళీలను కూడా పూడుస్తుంది. అయితే ఒకసారి పట్టితే మళ్ళీ విప్పడం చాలా కష్టం, ఆ తరువాత వచ్చే పనివానికి దారి మూసినట్లే. శుభ్రమైన చీలికకు సరేసు, ముక్కలు పోయి ఖాళీ పడినచోట ఎపాక్సీ అన్నది నాకు న్యాయంగా తోస్తుంది. వీణ పనివారిలో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు.

మన ప్రక్కనే కొండపల్లి ఉన్నది. అక్కడ బొమ్మల పనివారు తెల్లపొణికి కొయ్య ముక్కలను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆ అతుకు ఆనవాలు కూడా కనబడకుండా చేస్తారు. చూస్తే ముచ్చట వేస్తుంది. ఆ ముచ్చటకొద్దీ వీణ పగులును కూడా మక్కు వంటి దానితో పూడ్చి, పైన రంగు వేసి, ‘బాగయినది’ అని ఇచ్చేవారు ఉన్నారు. బొమ్మకు భారం లేదు, వీణకు ఉన్నది. పూడ్చిన పగులు అతికిన పగులు కాదు. ఇంకా ఘోరం మేకు కొట్టడం. మేకు నారను చీల్చుకొని దిగుతుంది. త్రుప్పు పట్టి చుట్టూ కొయ్యను తింటుంది. తీగె మీటినప్పుడల్లా సన్నగా రొద చేస్తుంది.

మంచి పని ఇట్లా జరుగుతుంది. పగులుకు ఇరువైపులా మెట్లు, మైనం తీసివేస్తారు. అవసరమైతే పైపలక విప్పి లోపలి బోలు శుభ్రం చేస్తారు. జిగురు లేకుండా ముందు ముక్కలను కలిపి చూస్తారు. వెలుతురుకు ఎదురుగా పట్టితే సందు కనబడకూడదు. తరువాత వేడి జిగురు పూసి, కలిపి, త్రాటితో వరుసగా బిగించి చుట్టి, త్రాటికీ కొయ్యకూ నడుమ చిన్న చిన్న చీలలు దూర్చి ఒత్తిడి పెంచుతారు. జిగురు పూర్తిగా గట్టిపడేవరకు దాన్ని ముట్టుకోరు. ఆ తరువాత, అతుకు ఒంటరిగా భారం మోయకుండా, బోలు లోపలివైపున పాత పనస చెక్కతోనే పలుచని బద్దలు నార వెంబడి అతికిస్తారు. పాత చెక్క కావాలనడానికి కారణం ఉన్నది: ముడుచుకొనవలసినంత ముడుచుకొన్నది అదే. విరిగిన పాత వీణల ముక్కలు వీణ పనివారు పారవేయరు. అడ్డంగా తెగిన దండి అయితే రెండు కొనలనూ ఏటవాలుగా కోసి, నడుమ క్రొత్త ముక్క పెట్టి అతుకుతారు. ఏటవాలు ఎంత పొడవైతే అతుకుకు అంత బలం.

పూర్వం కుండకూ దండికీ నడుమ అతుకును ఏనుగు దంతపు పట్టీలతో కప్పేవారు. అవి అలంకారం మాత్రమే అనుకొంటాం గాని, అతుకు కదిలితే ముందుగా పట్టీ చిట్లి సంగతి చెప్పేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో వచ్చిన సవరణలతో దంతపు వ్యాపారం నిలిచిపోయినది, నిలిచిపోవలసినదే. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టీలు వేస్తున్నారు. అవి సాగుతవి, చిట్లవు. కాబట్టి పట్టీ బాగున్నదని అతుకు బాగున్నదనుకోరాదు.

ఇంత నేర్పుగల పనిని గురించి మన గ్రంథాలు ఏమి చెప్పినవని చూస్తే నిరాశ కలుగుతుంది. మెట్ల స్థానాలకు అధ్యాయాలున్నవి. అవి నిలిచే కొయ్యకు, ఆ కొయ్య విరిగితే చేయవలసిన పనికి అటువంటి ఆదరం దొరకలేదు. వైణికుల పేర్లు మనం భక్తితో చెప్పుకొంటాం. పిఠాపురంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విని రవీంద్రనాథ ఠాకూరు ఆయనను శాంతినికేతనానికి ఆహ్వానించినాడని చెప్పుకొంటాం. ఈమని శంకరశాస్త్రిగారి పేరు, చిట్టిబాబుగారి పేరు తెలుగు ఇండ్లలో తెలియనివారు లేరు. వారి వీణల దండిని నిలబెట్టిన వడ్రంగి ఎవరు? ఆ పేరు కచేరీ కరపత్రాలలో అచ్చు కాలేదు.

1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రం ప్రారంభమైన తరువాత ఈ పనివారి అవసరం తగ్గలేదు, పెరిగినది. సభలో పది గజాల దూరాన కూర్చున్న శ్రోతకు వినబడని సన్నని రొద మైక్రోఫోనుకు వినబడుతుంది. దండి పైపలక ఒకచోట జిగురు విడిచినా, యాళి మెడలో పగులున్నా, ఏదో ఒక స్వరం దగ్గర అది జుమ్మని పలుకుతుంది. వెలుపల ఎండలోనుంచి చల్లని స్టూడియోలోకి వచ్చిన వీణ కాసేపు శ్రుతి నిలువక వేధిస్తుంది, అది సహజం. అరగంట గడిచినా నిలువకపోతే, తీగెలనూ బిరడలనూ నిందించడానికి ముందు దండిని అనుమానించడం మేలు.

అయితే ప్రతి విరిగిన వీణనూ బాగుచేయించవలసినదేనా? కాదు. కుండ పురుగు తిని గుల్లబారితే, దండికి చేసిన ఖర్చు వృథా. పాత మరమ్మతులు మూడు నాలుగు ఒకదానిమీద ఒకటి పడి, అసలు కొయ్య ఏదో జిగురు ఏదో తెలియని స్థితి వస్తే, నిజాయితీగల పనివాడు తానే వద్దంటాడు. కాని కుండ క్షేమంగా ఉంటే, ఎన్నో ఏండ్లు నాదంలో పండిన ఆ పనస కొయ్యను వదులుకోరాదు. క్రొత్త దండి వేయించినా మేలే. మూలనున్న వీణలను అలంకారవస్తువులుగా కొనుగోలు చేసి, కుండ కోసి పూలతొట్లుగా అమర్చేవారు ఇప్పుడు పట్టణాలలో బయలుదేరినారు. వారికి అమ్మేముందు ఒకసారి నూజివీడు దాకా తీసుకొని వెళ్ళి చూపించవచ్చు. విజయవాడనుంచి 40, 50 కిలోమీటర్ల దూరం. తీసుకొని వెళ్ళేటప్పుడు సొరకాయ బుఱ్ఱ మర విప్పి వేరుగా పట్టుకోవాలి. దండి క్రింద దిండు వేసి పడుకోబెట్టాలి. యాళి ముఖాన్ని బస్సు కిటికీకి ఆనించి నిలబెట్టరాదు.

బాగై వచ్చిన వీణకు ఆనాడే తీగెలన్నీ పూర్తి శ్రుతికి బిగించడం తొందరపాటు. మొదటిరోజు తాళపు తీగెలు మూడూ, అవి కూడా సగం బిగువుకు. రెండు రోజులు ఆగి మంద్రం, అనుమంద్రం. ఆ తరువాత పంచమం, చివరకు సారణి. ప్రతి మెట్టులోనూ అదే కుట్టుదారం పట్టి ఎడం చూస్తూ ఉండాలి. పూర్తి శ్రుతిలో పదిహేను రోజులు దండి నిలిస్తే, అప్పుడు మేళం కట్టేవారికి కబురు పెట్టవచ్చు. వేసవి అయితే ఎండ ముదరకముందే, తెల్లవారుజామున పని మొదలుపెట్టేటట్లు రమ్మనాలి. మైనం చెప్పినమాట వినేది ఆ చల్లనివేళనే.